పరిగె హక్కు: సంఘ పాఠశాలలలో పేదపిల్లల ప్రవేశము

క్రైస్తవ సంఘములు, మిషనులు నడుపుచున్న ప్రైవేటు పాఠశాలలలో ఎవరి పిల్లలు చదువుచున్నారు? ఈ ప్రశ్న మన కమిటీలలో అరుదుగా వినబడుతుంది. పదవ తరగతి ఫలితములు ఎంత శాతము వచ్చాయి, కొత్త భవనము ఎప్పుడు పూర్తి అవుతుంది, మైనారిటీ ధ్రువపత్రము వచ్చినదా లేదా అన్నవి మాత్రము ప్రతి కూటములోను వినబడతాయి. 2014 తరువాత ఈ చివరి ప్రశ్నకు విలువ బాగా పెరిగింది. ప్రైవేటు పాఠశాలలు ప్రవేశ తరగతిలో నాలుగవ వంతు సీట్లు పేదపిల్లలకు ఉచితముగా ఇవ్వవలెనన్న నియమమునుండి మైనారిటీ విద్యాసంస్థలను ఆ సంవత్సరము సుప్రీంకోర్టు తప్పించడమే దీనికి కారణము.

ఆ తీర్పు వచ్చినప్పుడు మన సంస్థలు చాలావరకు ఊపిరి పీల్చుకున్నాయి. అందుకు కొన్ని న్యాయమైన కారణములు ఉన్నవి. వాటిని క్రింద చెప్పెదము. అయితే ప్రభుత్వము అడగడానికి వీలులేని దానిని దేవుని వాక్యము అడుగుచున్నదా అనే ప్రశ్న అప్పుడు ఎవరూ లేవనెత్తలేదు. ఈ వ్యాసములో మేము దానినే పరిశీలించదలచాము. పాఠకులలో అనేకులు ఈ రోజు గాని, రేపు గాని ఏదో ఒక పాఠశాల కమిటీలో సభ్యులుగానో కరస్పాండెంటుగానో కూర్చొనవలసినవారే. కాబట్టి ఇది ఊరక వేదాంత చర్చ కాదు.

చట్టము, మినహాయింపు

2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన 21ఎ అధికరణము 6నుండి 14 సంవత్సరముల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. దానిని అమలుపరచుటకు వచ్చినది 2009నాటి విద్యాహక్కు చట్టము. 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చింది. ఆ చట్టములో 12వ సెక్షను ప్రకారము ప్రభుత్వ సహాయము పొందని ప్రైవేటు బడి కూడా ఒకటవ తరగతిలో, లేక పూర్వ ప్రాథమిక తరగతులు ఉంటే అక్కడే, కనీసము 25 శాతము మంది పిల్లలను చుట్టుప్రక్కల నివసించే బలహీన వర్గములనుండి, వెనుకబడిన సమూహములనుండి చేర్చుకొని ఎనిమిదవ తరగతి పూర్తి అయ్యేవరకు ఉచితముగా చదివించవలెను. ఒక్కొక్క బిడ్డకు ప్రభుత్వము తన బడులలో పెట్టే ఖర్చు, లేక ఆ బడి వసూలుచేసే ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ప్రభుత్వము తిరిగి చెల్లిస్తుంది. 13వ సెక్షను డొనేషనును, ప్రవేశమునకు ముందు బిడ్డకు గాని తలిదండ్రులకు గాని పెట్టే పరీక్షను, ఇంటర్వ్యూను నిషేధించింది.

ప్రైవేటు యాజమాన్యములు దీనిని సవాలుచేయగా 2012 ఏప్రిల్ 12న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఇద్దరి మెజారిటీతో చట్టమును సమర్థించింది. సహాయము పొందని మైనారిటీ పాఠశాలలకు మాత్రము అది వర్తించదన్నది. 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము మరొక అడుగు ముందుకువేసి, సహాయము పొందినవైనా పొందనివైనా మైనారిటీ పాఠశాలలన్నిటికి ఈ చట్టము వర్తించదని తీర్పు చెప్పింది. మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనుటకు 30వ అధికరణము ఇచ్చిన హక్కు దీనికి ఆధారము. అయితే 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఉపాధ్యాయ అర్హత పరీక్షకు సంబంధించిన కేసులో తీర్పు చెబుతూ, ప్రమతి తీర్పులోని ఈ మినహాయింపు సరియైనదేనా అని సందేహము వెలిబుచ్చి, విషయమును విస్తృత ధర్మాసనమునకు నివేదించే నిమిత్తము ప్రధాన న్యాయమూర్తి ముందుంచింది.

30వ అధికరణమును మేము తేలికగా తీసుకొనుట లేదు. మైనారిటీగా బ్రతుకుచున్న సంఘమునకు అది ప్రాకారము వంటిది. ఎవరిని ప్రిన్సిపాలుగా నియమించవలెనో, ఉదయ ప్రార్థన జరగవలెనో లేదో ప్రతిసారి ఒక అధికారి నిర్ణయించే పరిస్థితి రాకూడదు. అయితే ప్రాకారము లోపల ఉన్నదాన్ని కాపాడడానికే కట్టబడుతుంది. మన విద్యా పరిచర్యలో లోపల ఉన్నదేమిటో తెలుసుకొనుటకు కొంత చరిత్ర చూడవలసి ఉన్నది.

మచిలీపట్నము బడి, ఒంగోలు బడి

తెలుగుదేశములో మిషనెరీ విద్య రెండు వేరువేరు త్రోవలలో నడిచినది. చర్చి మిషనెరీ సొసైటీవారి రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నము చేరి, 1843లో అక్కడ ఆంగ్ల పాఠశాల తెరిచారు. అగ్రవర్ణముల యువకులను సువార్తతో తాకితే వారినుండి అది క్రిందికి ప్రవహిస్తుందని ఆయన నమ్మకము. అందువలన అస్పృశ్యులుగా ఎంచబడిన కులముల పిల్లలకు ఆ బడిలో చోటు ఇవ్వలేదు. నోబుల్‌గారి త్యాగము గొప్పది. ఆయన స్వదేశమునకు తిరిగి వెళ్ళకుండా 1865లో ఆ ఊరిలోనే కన్నుమూశారు. ఆ బడినుండి వచ్చిన కొద్దిమంది తెలుగు సంఘమునకు మంచి నాయకులైన మాట నిజము. కాని 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగానే మిగిలినవారి తలిదండ్రులు పిల్లలను బడి మాన్పించారు. ఎవరికోసమైతే మాల మాదిగ పిల్లలను గుమ్మము బయట నిలబెట్టారో వారు కూడా నిలువలేదు.

రెండవ త్రోవ ఒంగోలుది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలుకు కాపురము వచ్చారు. ఊరిలోని బ్రాహ్మణ కుటుంబములవారు తమ కుమారులకు చదువు కావలెనని కోరగా బడి పెట్టారు. పిల్లలు వచ్చారు, ఊరి పెద్దల ఆదరణ దొరికింది. అదే సమయములో తాళ్ళకొండపాడు గ్రామమునకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి ద్వారా పల్లెలలో ఒక కదలిక ప్రారంభమైనది. మాదిగలు బాప్తిస్మము కోరి వచ్చారు. వారిని చేర్చుకుంటే మా పిల్లలను పంపము అని పెద్దలు స్పష్టముగా చెప్పారు.

తరువాత జరిగినది క్లౌగారి జీవితచరిత్రలో మనకు తెలిసిన భాగమే. ఆయన ఒక గదిలో, ఆయన భార్య మరొక గదిలో, ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిచినప్పుడు ఇద్దరికీ 1 కొరింథీ 1:26-29 ఎదురైనది. లోకములో నీచులైనవారిని, ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొన్నాడని చెప్పే వచనములవి. వారు మాదిగలను చేర్చుకున్నారు. అగ్రవర్ణముల పిల్లలు బడి విడిచి వెళ్ళిపోయారు. ఈ సంఘటనను మనము సాధారణముగా సువార్త విజయముగా ప్రసంగిస్తాము. 1878 జూలై 3న గుండ్లకమ్మ వద్ద ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందుటతో దానిని జతచేస్తాము. మేము దానిని మరొక కోణమునుండి చూడమని కోరుచున్నాము. అది ఒక ప్రైవేటు పాఠశాల యాజమాన్యము తీసుకున్న ప్రవేశ నిర్ణయము. ఫీజు కట్టగలవారు, పలుకుబడి గలవారు, బడికి పేరు తెచ్చేవారు ఒక ప్రక్క. ఏమీ తేలేనివారు మరొక ప్రక్క. ఏ చట్టమూ అప్పుడు బలవంతము చేయలేదు. బడి మూతపడినా ఫరవాలేదని వారు నిర్ణయించారు.

ఈ రెండవ త్రోవే తరువాతి కాలములో తెలుగు సంఘమునకు రాజమార్గమైనది. లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు ప్రాంతములలోను, 1912లో బిషప్‌గా అభిషేకింపబడిన అజరయ్యగారి దోర్నకల్ అధ్యక్షమండలములోను మాలపల్లెకు, మాదిగపల్లెకు ఒక పంతులు, ఒక పూరి బడి వచ్చాయి. పగలు పశువులు కాచే పిల్లలకోసము రాత్రిబడి నడిచేది. ఆ పంతులే సాయంకాలము ప్రార్థన నడిపించేవాడు. పిల్లవాడు కొంచెము చురుకైనవాడైతే మిషను బోర్డింగుకు పంపబడేవాడు. ఈ పత్రిక చదివే సేవకులలో అనేకుల తాతలు ఆ బోర్డింగులలో అన్నము తిన్నవారే.

ఒకే కాంపౌండు, రెండు గేట్లు

ఇప్పుడు అదే మిషను కాంపౌండును చూడండి. చాలా పట్టణములలో ఒక మూలను పాత తెలుగు మాధ్యమ ఎయిడెడ్ పాఠశాల ఉంటుంది. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుల స్థానములో క్రొత్తవారు రారు, పైకప్పు కారుతుంది, వచ్చేవారు కూలిపనుల కుటుంబముల పిల్లలు. మరొక మూలను, వేరే గేటుతో, వేరే యూనిఫారముతో ఆంగ్ల మాధ్యమ పాఠశాల ఉంటుంది. పేరు ఇంచుమించు ఒకటే. దానికి బస్సులున్నవి, కంప్యూటర్ గది ఉన్నది, ఎల్‌కేజీ ప్రవేశమునకు తలిదండ్రుల వరుస ఉన్నది. (మన పట్టణములలో ‘సెయింట్’ అను మాటతో మొదలయ్యే బడులు కొన్నిటి యజమానులు క్రైస్తవులే కారన్న సంగతి పాఠకులకు తెలియనిది కాదు. ఆ మాటకు బజారులో ఉన్న విలువ మన పూర్వికులు సంపాదించి పెట్టినది.)

జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2021లో మైనారిటీ పాఠశాలలపై ఒక నివేదిక ప్రకటించింది. దాని లెక్క ప్రకారము దేశములోని మత మైనారిటీ జనాభాలో క్రైస్తవులు 11.54 శాతము మాత్రమే కాగా, మత మైనారిటీ పాఠశాలలలో 71.96 శాతము వారివే. క్రైస్తవ పాఠశాలల విద్యార్థులలో 74.01 శాతము క్రైస్తవేతరులు. మొత్తము మైనారిటీ పాఠశాలలలో సామాజికముగాను ఆర్థికముగాను వెనుకబడిన నేపథ్యము గల పిల్లలు 8.76 శాతము.

ఆ నివేదిక ఉద్దేశమును శంకించేవారు మనలో ఉన్నారు; మినహాయింపును తొలగించవలెననే దాని సిఫారసుతో మేము కూడా పూర్తిగా ఏకీభవించుట లేదు. క్రైస్తవేతర పిల్లలు ఎక్కువగా ఉండుట మనకు అవమానము కాదు. అందరికి తలుపు తెరచుట మన సంప్రదాయమే. కాని చివరి అంకె మనలను గ్రుచ్చవలసినది. మన తరగతి గదులలో మత వైవిధ్యము ఉన్నది, హిందువు, ముస్లిము, క్రైస్తవుడు ఒకే బెంచీమీద కూర్చుంటారు. అయితే ఆ ముగ్గురి తండ్రులు ఒకే విధమైన జీతము తెచ్చుకొనేవారు. దానిని చూపి ‘మా బడిలో అందరూ ఉన్నారు’ అనుట సగము నిజము.

లేవీయకాండములోని అంచులు

ప్రవేశముల ప్రశ్నకు బైబిలులో సూటియైన సమాధానము వెదకువారు సాధారణముగా యాకోబు 2:1-4కు వెళతారు. బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి ఆసనము, మురికి బట్టలవానికి పాదపీఠము దగ్గర చోటు. అక్కడ పక్షపాతమునకు వాడిన గ్రీకు మాటకు ‘ముఖమును చూచి అంగీకరించుట’ అని అర్థము. తలిదండ్రులను ఇంటర్వ్యూ చేసి, తల్లికి ఆంగ్లము వచ్చునా అని చూచి బిడ్డకు సీటు ఇచ్చే పద్ధతికి ఇంతకంటె సరియైన పేరు దొరకదు. అయినను ఆ వాక్యభాగము వచ్చినవానిని ఎలా కూర్చుండబెట్టవలెనో చెప్పుచున్నది. రాలేని స్థితిలో ఉన్నవానికి మన ఆస్తిలో ఏమి హక్కు ఉన్నదో చెప్పుటలేదు. దానికి లేవీయకాండము 19:9, 10 చూడవలెను.

పొలము కోయునప్పుడు అంచులవరకు పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకొనకూడదు, ద్రాక్షతోటలో పండ్లన్నీ కూర్చుకొనకూడదు. అవి బీదలకును పరదేశులకును విడువవలెనని ఆజ్ఞ. 23:22లో ఇదే మరల వస్తుంది. ద్వితీయోపదేశకాండము 24:19-22 దీనికి తండ్రిలేనివారిని, విధవరాండ్రను చేర్చి, ఐగుప్తులో దాసులైయుంటిరని జ్ఞాపకము చేస్తుంది. పరిగె అనే మాట మన పల్లెలలో వివరించనవసరము లేదు. వరికోత అయిన తరువాత చేలో రాలిన వెన్నులు ఏరుకొని గంజి కాచుకొన్న అవ్వలను ఎరిగినవారు మన సంఘములలో ఇంకా ఉన్నారు.

ఈ ఆజ్ఞలో మూడు సంగతులు పాఠశాల ప్రశ్నకు అవసరము. మొదటిది, ఇది ధర్మము చేయుట కాదు. యజమాని తన కొట్టులోని ధాన్యము కొలిచి ఇచ్చుట లేదు. అంచు మొదటినుండి అతనిది కాదు. అందుకే ఆజ్ఞ చివర దయగలవారై యుండుడని కాక, దేవుడు తానే యెహోవానని తన పేరు పెట్టి ముగించాడు. భూమికి యజమాని ఎవరో ఆ సంతకము చెప్పుచున్నది. మన బడుల భూమి విషయములో ఈ సంగతి మరింత స్పష్టము. చాలా పాఠశాలలు నిలిచియున్న స్థలములు మిషను కాలములో విదేశ విశ్వాసుల కానుకలతోను, పల్లె సంఘముల పిడికెడు బియ్యముతోను వచ్చినవి.

రెండవది, ఎవరు ఏరుకొనవలెనో యజమాని ఎంచుకొనడు. అంచు అనే అర్థము గల ‘పేయా’ అనే హెబ్రీ మాట పేరుతోనే మిష్నాలో ఒక భాగమున్నది. అంచు పొలములో అరువదింట ఒక వంతుకు తగ్గకూడదని రబ్బీలు అందులో లెక్క కట్టారు. అదే భాగములో మరొక కఠినమైన మాట ఉన్నది: పేదలను ఏరుకోనివ్వనివాడు, ఒకనిని రానిచ్చి మరొకనిని ఆపేవాడు, వారిలో ఒకనికి మాత్రము సహాయము చేసేవాడు పేదలను దోచుకొనినట్టే. మన బడులలో ఫీజు రాయితీ ఇస్తూనే ఉన్నాము గదా అని ఎవరైనా అనవచ్చును. నిజమే. అది సాధారణముగా సంఘకాపరి శిఫారసు ఉత్తరముతో, కమిటీ సభ్యునికి తెలిసిన కుటుంబమునకు, ఎన్నికలలో ఒక వర్గమునకు అండగా నిలిచినవారికి వెళుతుంది. విద్యాహక్కు చట్టము కోరిన లాటరీ పద్ధతి చాలామందికి యాంత్రికముగా కనబడినది. మాకైతే రబ్బీల మాటకు అది దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది. పరిచయము లేని కుటుంబమునకు అదొక్కటే తలుపు.

మూడవది రూతు గ్రంథములో కనబడుతుంది. ధర్మశాస్త్రము ప్రకారము బోయజు చేయవలసినది రూతును ఏరుకోనిచ్చుట మాత్రమే. ఆమె మోయాబీయురాలు, పరాయిది, విధవరాలు. పొలములో ప్రవేశము ఆమెకు హక్కు. కాని రెండవ అధ్యాయమును నెమ్మదిగా చదివితే బోయజు ప్రవేశముతో ఆగలేదని తెలుస్తుంది. పనివారు ఆమెను ముట్టకూడదని ఆజ్ఞాపించాడు. వారు చేదిన కుండలలోనే నీళ్ళు త్రాగమన్నాడు. భోజనవేళ కోతవారి ప్రక్కను కూర్చుండబెట్టి పేలాలు అందించాడు. ఆమె తిని తృప్తిపొంది మిగిల్చింది. పనల మధ్యను కూడా ఏరుకోనిమ్మని, పిడికెళ్ళు కావలెనని పడవేయమని, ఆమెను అవమానపరచవద్దని, గద్దించవద్దని పనివారికి చెప్పాడు. అదే కుండలోని నీళ్ళు, అదే పంక్తిలోని భోజనము! మన ఊళ్ళలో ఈ రెండింటిని గురించి ఎంత రక్తము చిందినదో తెలిసినవారికి ఈ వచనముల బరువు తెలుస్తుంది.

చట్టము సీటు ఇప్పించగలదు. కుండ దగ్గరను, పంక్తిలోను చోటు యజమాని ఇవ్వవలసినదే.

లెక్క ఎంత వస్తుంది

ఇక్కడ కరస్పాండెంట్లు అడిగే ప్రశ్న న్యాయమైనది: జీతములు ఎవరు ఇస్తారు? మన బడులన్నీ ధనిక బడులు కావు. చిన్న పట్టణములలో తక్కువ ఫీజుతో నడిచే వాటిలో ఉపాధ్యాయినులకు ఇప్పటికే సరిపడని జీతము ఇచ్చుచున్నారు. ఆ జీతమునుండి కోసి పేదపిల్లలను చదివిస్తే అది ఒక పేదవాని అంచును కోసి మరొక పేదవానికి ఇచ్చినట్టవుతుంది.

అందుచేత ఒక ఊహించిన లెక్క వేసి చూద్దాము. ఒకటినుండి పదివరకు తరగతికి 40 మంది చొప్పున 400 మంది పిల్లలు, ఏడాదికి తలకు 20,000 రూపాయల ఫీజు అనుకొందము. మొత్తము 80 లక్షలు. ఒకటవ తరగతిలో 25 శాతము, అనగా 10 మందిని ఉచితముగా చేర్చుకొంటే మొదటి ఏడు తగ్గేది 2 లక్షలు, ఆదాయములో 2.5 శాతము. మిగిలిన 390 మందిపై దానిని వేస్తే ఒక్కొక్కరికి 513 రూపాయలు. ఏటేటా మరొక తరగతి చేరుతుంది గనుక ఎనిమిదవ ఏటికి ఉచిత విద్యార్థులు 80 మంది, 20 శాతము అవుతారు. అప్పుడు మిగిలినవారి ఫీజుపై భారము తలకు 5,000 రూపాయలు. ఇది చిన్నది కాదు. అయితే ఎనిమిదేళ్ళలో మన బడులు ఫీజు ఎంత పెంచుచున్నవో చూస్తే అసాధ్యమూ కాదు. 25 శాతము మోయలేని బడి 10 శాతముతో మొదలుపెట్టవచ్చును. అంటే తరగతికి నలుగురు. రబ్బీలు కూడా కనీసము చెప్పారు గాని అందరికి ఒకే కొలత విధించలేదు. సొమ్ము గల పెద్ద సంస్థలు, నగరములలోని పేరుపొందిన కాన్వెంటులు మాత్రము 25తో ఆగవలసిన పనిలేదు.

ప్రభుత్వము తిరిగి చెల్లించే సొమ్ము మినహాయింపులో ఉన్న సంస్థలకు రాదు. వచ్చే సంస్థలకు కూడా సకాలములో రాదని ఇతర యాజమాన్యములు అనేక రాష్ట్రములలో ఫిర్యాదు చేయుచున్నవి. కాబట్టి ఆ సొమ్ముపై ఆశ పెట్టుకొనక, సంఘ బడ్జెటులో కోతపండుగ కానుకలలో కొంత భాగమును దీనికి కేటాయించుట మంచిది. కోతపండుగకు దీనికంటె తగిన వినియోగము మాకు తోచుట లేదు.

చేరిన తరువాత

ఉచిత సీటు ఇచ్చిన బడిలో కూడా బిడ్డను బయటనే ఉంచే మార్గములు చాలా ఉన్నవి. ఫీజు కట్టనివారి పేర్లు తరగతిలో చదువుట అందులో మొదటిది. ఉచిత విద్యార్థుల జాబితా ఆఫీసు గదిలోనే ఉండవలెను. తరగతి ఉపాధ్యాయినికి కూడా తెలియనవసరము లేదు. పుస్తకములు, యూనిఫారము, బూట్లు, విహారయాత్ర, వార్షికోత్సవ దుస్తులు కలిపితే కొన్ని బడులలో ఫీజుకు సమానమవుతాయి. ఫీజు మాఫీ చేసి వీటిని అడిగితే తల్లి అప్పు చేస్తుంది, లేదా బిడ్డ ఆ రోజు జ్వరమని ఇంటిలో ఉంటుంది.

భాష సంగతి ఇంకా సున్నితమైనది. బడిలో తెలుగు మాటలాడితే జరిమానా వేసే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉన్నది. ఇంటిలో ఆంగ్లము వినని బిడ్డకు అది నోరు మూయించుటే. పెంతెకొస్తు దినమున ప్రతివాడు తన స్వభాషలో విన్నాడని బోధించే సంఘము తన బడిలో అమ్మభాషను శిక్షించుట ఏ విధముగాను పొసగదు. మొదటి రెండేళ్ళు తెలుగులో వివరించి ఆంగ్లమును నేర్పుట, సాయంకాలము ఒక గంట అదనపు బోధన, ఈ రెండు ఉంటే మొదటి తరము విద్యార్థి నిలుస్తాడు. వేరే సెక్షను పెట్టుట మాత్రము వద్దు. ‘వారి స్థాయికి తగినట్టు’ అనే సాకుతో పెట్టిన ప్రత్యేక సెక్షను కొద్ది నెలలలోనే కులపు సెక్షను అవుతుంది.

మధ్యాహ్న భోజనము దగ్గర పెద్దలు ఎవరూ చూడనప్పుడు ఎవరి డబ్బా తెరిచినప్పుడు ఎవరు లేచి వెళుతున్నారో గమనించండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనము మాని వెనుకకు తీసినప్పుడు పౌలు అందరి యెదుట ఎదిరించినది (గలతీ 2:11-14) భోజనపు బల్ల విషయమే. ఉపాధ్యాయులు పిల్లలతో కలిసి కూర్చొని తినే బడులలో ఈ సమస్య తక్కువగా ఉంటుంది. దానికి రూపాయి ఖర్చు లేదు.

వికలాంగులైన పిల్లలను గురించి ఇక్కడ క్లుప్తముగా మాత్రమే చెప్పుచున్నాము. అంధులకు, బధిరులకు ప్రత్యేక పాఠశాలలు స్థాపించినవారిలో మిషనులు ముందున్నవి. అందువలననేమో, వారికి వేరే బడులున్నవి గదా అనే భావము మన సాధారణ బడులలో స్థిరపడినది. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించి, సాధారణ తరగతిలోనే వారికి చోటు ఉండవలెనని కోరుచున్నది. మన బడులలో ర్యాంపు లేని మెట్లు, పై అంతస్తులోని తరగతులు ఎన్నో మన సంఘకాపరులే ఒకసారి లెక్కపెట్టవచ్చును.

మన సొంత పిల్లలు

చివరిగా, మన సంఘములకు ప్రత్యేకమైన ఒక చిక్కు ఉన్నది. ఆంధ్రప్రదేశ్ నియమావళి 25 శాతమును ఇలా పంచింది: అనాథలు, వికలాంగులు, హెచ్‌ఐవి బాధితులైన పిల్లలకు 5, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, ఇతర బలహీన వర్గములకు 6. ఆ రాష్ట్రములో ఇది 2022-23 విద్యా సంవత్సరమునుండి ఆచరణలోనికి వచ్చింది. తెలంగాణలో ఏళ్ళ తరబడి అమలు జరగలేదు. 1950నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. మన రాష్ట్రములలో అతడు బీసీ-సి, ఒక్క శాతము రిజర్వేషను గలవాడు. కాబట్టి ఇతర ప్రైవేటు బడికి వెళితే దళిత క్రైస్తవ బిడ్డకు 10 శాతపు వరుసలో చోటు లేదు, 6 శాతపు వరుసలో అందరితో పోటీపడవలెను. సంఘపు బడికి వస్తే మినహాయింపు ఉన్నది గనుక అసలు వరుసయే లేదు. ప్రభుత్వము క్రైస్తవుడని బయట నిలబెట్టిన బిడ్డను, క్రైస్తవ బడి ఫీజు కట్టలేడని బయట నిలబెట్టుచున్నది.

దళిత క్రైస్తవుల ఎస్సీ హోదాకోసము మన సంఘములు దశాబ్దములుగా ఊరేగింపులు చేశాయి, మెమొరాండములు ఇచ్చాయి. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన నియమింపబడిన కమిషను ముందు కూడా మన వాదన వినిపించాము. ఆ పోరాటము సరియైనదే. కాని పార్లమెంటు అనుమతి లేకుండ, కోర్టు తీర్పు లేకుండ, మన కమిటీ తీర్మానముతో మాత్రమే ఆ బిడ్డకు ఇవ్వగలిగినది ఒకటి మన కాంపౌండులోనే ఉన్నది. అయితే దానిని మన పిల్లలకు మాత్రమే పరిమితము చేయరాదు. లేవీయకాండము బీదలతోపాటు పరదేశిని కలిపే చెప్పింది. బోయజు పొలములో ఏరుకొన్నది మోయాబు స్త్రీ.

పాఠశాల కమిటీలో కూర్చున్న సేవకుడు చేయగలిగినవి ఈ క్రిందివని మేము తలంచుచున్నాము. ప్రవేశ తరగతిలో ఎన్ని సీట్లు ఉచితమో సంఖ్య వేసి ప్రాస్పెక్టసులోనే అచ్చువేయించుట. దరఖాస్తులను చుట్టుప్రక్కల వాడలలో, చర్చిలోనే కాక బయట కూడా ప్రకటించుట. దరఖాస్తులు ఎక్కువైతే తలిదండ్రుల యెదుట చీట్లు తీయుట. తన శిఫారసు ఉత్తరములను ఈ సీట్ల విషయములో మానుకొనుట. ఎంతమంది చేరారు, వారిలో ఎంతమంది మానివేశారు, ఎందుకు మానివేశారు అన్న లెక్క ప్రతి సంవత్సరము సంఘ సర్వసభ్య సమావేశములో ఫలితముల శాతముతోపాటు చదువబడవలెను. విస్తృత ధర్మాసనము మినహాయింపును నిలిపినా తొలగించినా ఈ పనులలో ఏదీ ఆగవలసిన అవసరము లేదు. వచ్చే ప్రవేశములకు ముందు జరిగే కమిటీ సమావేశములోనే వీటిని తీర్మానమునకు పెట్టవచ్చును.